విప్పే ముందు టేపు పట్టండి



మీ వసారాలో పాత మోటారు సైకిలు ఒకటి ఉందనుకోండి. నాన్న కొన్నదో, మేనమామ ఇచ్చిందో. ఏపీ 27 నంబరుది. ఇప్పుడు మనది బాపట్ల జిల్లా. 2022 ఏప్రిల్ దాకా చీరాల, ఈపురుపాలెం అన్నీ ప్రకాశం జిల్లానే కదా. ఆ 27 అప్పటి గుర్తు.

అది బుల్లెట్ కావచ్చు, యెజ్డీ కావచ్చు. మన వైపు కుర్రాళ్ల మనసు మాత్రం ఎక్కువగా ఆర్‌ఎక్స్ 100 మీదే ఉంటుంది. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985లో తెచ్చిన బండి. 1996లో ఆపేశారు. ఇంజను 98 సీసీ. బలం 11 గుర్రాలు. బరువు నూరు కిలోలకి కాస్త ఎక్కువ. అంత తేలిక కాబట్టే అలా దూకుతుంది. ఆపేసి ఇన్నేళ్లయినా దాని ధర తగ్గలేదు. పెరిగింది.

ఇంజను సంగతి ఈ రోజు మాట్లాడను. బోరు కొట్టి పిస్టన్ వేసే మెకానిక్కులు మనకి బాగానే ఉన్నారు. ఈ రోజు మాట చక్రాల గురించి, షాకబ్జర్ల గురించి.

ఇంట్లో కుర్రాడు అడుగుతాడు. "నాన్నా, బండికి అల్లాయ్ చక్రాలు వేయిద్దాం. ముందు డిస్క్ బ్రేకు పెట్టిద్దాం. వెనక రెండు షాకబ్జర్లూ పీకేసి నడుమ ఒక్కటే, మోనో పెట్టిద్దాం." వాడి కోరికలో తప్పేం లేదు. ఆ బండి పుట్టిన రోజుల్లో మన రోడ్డు వేరు. ఇప్పుడు కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 జాతీయ రహదారి మన పక్క నుంచే పోతోంది. రేపల్లె నుంచి బాపట్ల, బాపట్ల నుంచి చీరాల, అన్నీ ఆ రోడ్డు మీదే. లారీ ముందు సడన్‌గా ఆగితే పాత డ్రమ్ బ్రేకుతో గుండె జారుతుంది. మార్చాలనిపించడం సహజం.

కాబట్టి మార్చొద్దని నేను చెప్పను. ఈ పావుగంటలో నేను చెప్పేది ఒక్కటే. విప్పే ముందు కొలవండి. పానా పట్టే ముందు టేపు పట్టండి.

ఎందుకు కొలవాలి? ఈపురుపాలెం నేతవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గుంట మగ్గం మీద జకార్డు పెట్టించిన ఇంట్లో అడగండి. జకార్డు పెట్టె మగ్గానికి పైన కూర్చుంటుంది. దాన్నుంచి తాళ్లు కిందకి దిగి పడుగు పోగుల్ని లేపుతాయి. పెట్టె తేవడం తేలికే. డబ్బులుంటే సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఇంటి కప్పు ఎత్తు చాలాలి కదా? చాలకపోతే పెట్టెని కిందకి దించి పెట్టాలి. అప్పుడు నడిమి తాళ్లు నిటారుగా లాగుతాయి. అంచు తాళ్లు ఏటవాలుగా లాగుతాయి. అంచున పోగులు సరిగ్గా లేవవు, తెగుతాయి. తప్పు జకార్డుది కాదు. మగ్గానిదీ కాదు. రెండూ మంచివే. వాటి మధ్య కొలత కుదరలేదు. అందుకే తెలిసినవాళ్లు పెట్టె కొనకముందే కప్పు కొలుస్తారు. చాలకపోతే కప్పే ఎత్తు చేయిస్తారు.

బండీ అంతే. మంచి బండి, మంచి చక్రం. మధ్యలో కొలత.

మొదట టైరు మీద అంకెలు చదువుదాం. ఆర్‌ఎక్స్ 100 వెనక టైరు మీద 2.75, ఆ పక్కన 18 అని ఉంటుంది. రెండు ముప్పావు అంగుళాల టైరు. పద్దెనిమిది అంగుళాల రిము. ముందు టైరు ఇంకా సన్నం, రెండున్నర అంగుళాలే. కొత్త బళ్ల మీద ఇలా రాయరు. 2008లో యమహా ఎఫ్‌జెడ్ వచ్చింది. మనవాళ్లు చక్రాలు ఏరుకునేది ఎక్కువగా దాన్నుంచే. దాని వెనక టైరు 140, 60, 17. దీన్ని ఇలా చదవాలి. 140 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి అరవై వంతులు. అంటే 84 మిల్లీమీటర్లు. 17 అంటే రిము, అంగుళాల్లో. ఒకే టైరు మీద మిల్లీమీటర్లూ ఉన్నాయి, అంగుళాలూ ఉన్నాయి. ఎవరు పెట్టారో ఈ పద్ధతి!

18 తీసి 17 పెడితే బండి పొట్టిదైపోతుందని చాలామంది అంటారు. లెక్క వేసి చూద్దాం. 17 అంగుళాలంటే 432 మిల్లీమీటర్లు. పైన టైరు 84, కింద టైరు 84. కలిపితే 600. ఇప్పుడు పాత చక్రం. 18 అంగుళాలంటే 457. పైన టైరు సుమారు 70, కింద 70. కలిపితే 597. కొత్తది 600, పాతది 597. తేడా మూడు మిల్లీమీటర్లు. మళ్లీ చెప్తాను. రిము చిన్నదైంది, చక్రం చిన్నది కాలేదు. నేలని తాకేది టైరు, రిము కాదు.

మరి మారిందేమిటి? వెడల్పు. 70 ఉన్నది 140 అయింది. సరిగ్గా రెట్టింపు. అసలు చిక్కు ఇక్కడుంది. వెనక చక్రం రెండు కమ్మీల మధ్య తిరుగుతుంది. స్వింగ్ ఆర్మ్ అంటాం. పాత బండి స్వింగ్ ఆర్మ్‌ని సన్న టైరు కోసమే చేశారు. ఒక పక్క చైను కూడా ఉంది. లావు టైరు చైనుకి రాసుకుంటుంది. రాసుకోకుండా చక్రాన్ని రెండో పక్కకి జరుపుతారు. అప్పుడు వెనక చక్రం ఒక దారిన, ముందు చక్రం ఒక దారిన పోతాయి. అది కాదని చైనునే బయటికి జరుపుతారు. అప్పుడు ఇంజను దగ్గర పళ్ల చక్రమూ, వెనక పళ్ల చక్రమూ ఒక వరసలో ఉండవు. చైను పక్కకి లాగి లాగి పళ్లు తినేస్తుంది. ఇంతా చేసి, 11 గుర్రాల ఇంజను అంత టైరుని ఈడ్చాలి. ఆ బండి అందమే దాని తేలికలో ఉంది. దాని కాళ్లకి రాళ్లు కట్టడం ఎందుకు?

నన్నడిగితే 18 అంగుళాల రిమునే ఉంచండి. దానికి 80, 100 సైజు టైరు దొరుకుతుంది. పాతదాని కన్నా వెడల్పు పది మిల్లీమీటర్లు ఎక్కువ. పట్టు బాగుంటుంది. ఎత్తు కూడా రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కాబట్టి మడ్‌గార్డుకి, స్వింగ్ ఆర్మ్‌కి ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. మళ్లీ కొలతే.

అల్లాయ్ అంటే తేలిక అని ఒక నమ్మకం ఉంది. అన్నిసార్లూ నిజం కాదు. పోత పోసిన అల్లాయ్ చక్రం స్పోకుల చక్రం కన్నా బరువుగా ఉండడం మామూలే. అల్లాయ్ లాభం వేరే ఉంది. ట్యూబు లేని టైరు వేసుకోవచ్చు. మేకు దిగినా గాలి ఒక్కసారే పోదు. వాడరేవు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్లకి ఇది చిన్న లాభమేం కాదు. నష్టమూ ఉంది. గోతిలో పడి స్పోకుల రిము వంకర పోతే బెండు తీయించుకోవచ్చు. అల్లాయ్ చిట్లితే పారేయడమే. చిట్లిన అల్లాయ్‌కి వెల్డింగు పెట్టించి తిప్పేవాళ్లూ ఉన్నారు. అలాంటి బండి వెనక సీటు ఎక్కకండి.

సరే, చక్రం కొన్నారు. ఇరుసు సరిపోవాలి. ఇక్కడ ఒక కిటుకు చెప్తాను. చక్రంలో బేరింగు మీద ఒక అంకె చెక్కి ఉంటుంది. 6301, 6302, 6202. ఇలాంటివి. చివరి రెండంకెలు చూడండి. 01 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు. 02 అంటే 15. 03 అంటే 17. ఏ దేశంలో చేసిన బేరింగుకైనా ఇదే లెక్క. మీ పాత ఇరుసు 12 అనుకోండి. కొత్త చక్రంలో 02 బేరింగు ఉందనుకోండి. మధ్యలో మూడు మిల్లీమీటర్లు ఖాళీ. ఆ ఖాళీలో రేకు ముక్క చుట్టి బిగించే మెకానిక్కు కనపడితే, దణ్ణం పెట్టి బండి తోసుకుంటూ వచ్చేయండి. లేత్ మీద సరైన బుష్ తీయించాలి. లేదా కుదిరే బేరింగు వేయించాలి.

ఇంకో చిన్న భాగం. వెనక డ్రమ్ము బ్రేకు ప్లేటుని స్వింగ్ ఆర్మ్‌కి కట్టి ఉంచే రాడ్డు ఒకటుంది. కొత్త చక్రం వేశాక అది అందట్లేదని కొందరు వదిలేస్తారు. ఎంతమాత్రం వదలకండి. అది లేకపోతే బ్రేకు తొక్కగానే ప్లేటు కూడా చక్రంతో పాటు తిరుగుతుంది. చక్రం బిగుసుకుపోయి మనిషి పడతాడు.

ఇప్పుడు ముందు వైపుకి రండి. డిస్క్ కావాలి. పాత ఫోర్కు కాలుకి, డిస్క్‌ని అదిమే క్యాలిపర్ బిగించే చెవులు ఉండవు. ఆ కాలు అల్యూమినియం పోత. దానికి ముక్క అతికించి క్యాలిపర్ వేలాడదీస్తే, గట్టిగా బ్రేకు పట్టిన రోజున అది ఊడుతుంది. డిస్క్ కావాలంటే ముందు భాగం మొత్తం ఒకే బండిది తీసుకోండి. ఫోర్కులు, వాటిని పట్టుకునే టీ, చక్రం, క్యాలిపర్, హ్యాండిల్ మీద బ్రేకు ఆయిలు డబ్బా. అన్నీ ఒకే బండివి. సగం ఒకదానివి, సగం ఇంకోదానివి కలిపితే తలనొప్పి మొదలు.

ఎఫ్‌జెడ్ ఫోర్కు గొట్టం లావు 41 మిల్లీమీటర్లు. పాత బండి టీలో అది దూరదు. అందుకే టీ కూడా దానిదే కావాలి. ఆ టీ కాడ మీ బండి మెడలో కూర్చోవాలి. కాడ పొడవు ఎంత, మెడలో బేరింగుల కోన్ సెట్ సైజు ఎంత, ముందే చూడాలి. ఇదంతా మంచి మెకానిక్కు చూస్తాడు. చాలామంది చూడనిది ఇంకోటి ఉంది. ఫోర్కు పొడవు.

బండిని పక్క నుంచి చూడండి. హ్యాండిల్ తిరిగే మెడ వాలుగా ఉంటుంది. ఆ వాలు గీతని నేల దాకా మనసులో పొడిగించండి. ఆ గీత నేలని తాకే చోటు ఒకటి. చక్రం నేలని తాకే చోటు దానికి కొంచెం వెనక. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. రోడ్డు బళ్లలో మామూలుగా 80 నుంచి 110 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బండి తిన్నగా పోతోందంటే ఆ దూరం చలవే చాలా వరకు. హ్యాండిల్ కాస్త పక్కకి తిరిగినా మళ్లీ తనే సరిపడుతుంది. ఇప్పుడు మీరు పొట్టి ఫోర్కు వేశారు. బండి ముందు భాగం రెండు సెంటీమీటర్ల పైచిలుకు దిగింది. మెడ ఒక డిగ్రీ నిటారయింది. ట్రెయిల్ సుమారు ఆరు మిల్లీమీటర్లు తగ్గింది. ఇంతవరకు ఫరవాలేదు. అదే ఐదు సెంటీమీటర్లు దిగితే? ఊళ్లో సందుల్లో తెలియదు. పైగా బండి చురుగ్గా తిరుగుతోందని మురిసిపోతాం. హైవే మీద లారీ దాటిపోతూ గాలి కొట్టినప్పుడు తెలుస్తుంది. హ్యాండిల్ వణుకుతుంది.

అందుకే పాత ఫోర్కు విప్పకముందే కొలవండి. ఇరుసు మధ్య నుంచి కింది టీ దాకా. కాగితం మీద రాసుకోండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎంతో అదీ రాసుకోండి. కొత్త ఫోర్కు కొనే చోటుకి ఆ కాగితం తీసుకెళ్లండి. విప్పాక కొలుద్దామంటే కుదరదు. అప్పటికి బండి నాలుగు ముక్కలై ఉంటుంది.

ఫోర్కు పొడవు కుదిరినా ఒక పని మిగులుతుంది. ఎఫ్‌జెడ్ నూట ముప్పై కిలోలు దాటిన బండి. దాని స్ప్రింగులు ఆ బరువుకి చేసినవి. మీది నూరు కిలోల బండి. స్ప్రింగు గట్టిదైపోతుంది. డబ్బు పోసి కొత్త ఫోర్కు వేయించి, పాతదాని కన్నా ఎక్కువ కుదుపుతోందని వాపోయేవాళ్లకి కారణం ఇదే. చూసుకోవడం తేలిక. ఫోర్కు గొట్టానికి, ఆయిల్ సీలుని ఆనించి, ఒక నూలు పోగు కట్టండి. మన ఇళ్లల్లో పోగులకి కరువేముంది! కట్టేటప్పుడు ఇద్దరు బండి ముందు భాగాన్ని కాస్త పైకి లేపి పట్టుకోవాలి. ఫోర్కు పూర్తిగా సాగి ఉండాలి. తర్వాత మీరు నెమ్మదిగా కూర్చోండి. నెమ్మదిగా దిగండి. మళ్లీ ముందు భాగాన్ని లేపండి. పోగు సీలు నుంచి ఎంత దూరం జరిగింది? 30 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటే బాగు. పదే ఉంటే స్ప్రింగు మరీ గట్టిది. యాభై దాటితే మెత్తబడిపోయింది. వెనక షాకబ్జర్లకీ ఇలాగే చూడొచ్చు. అక్కడ కొలిచేటప్పుడు మీ రోజువారీ బరువు పెట్టుకుని కొలవండి. చీరల మూట వేసుకునేవాళ్లు మూటతో. రేపల్లె వైపు రొయ్యల మేత బస్తా వేసుకునేవాళ్లు బస్తాతో.

ఇక మోనో. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే చెప్తాను. పాత బండికి వద్దు.

మోనో చెడ్డదని కాదు. లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు ఆలోచన అది. 1970ల్లో యమహా దాన్ని తీసుకుని మట్టి రేసుల బళ్లకి పెట్టింది. మోనోక్రాస్ అని పేరు పెట్టుకుంది. అయితే ఆ బళ్ల ఫ్రేముని మోనో కోసమే గీశారు. మీ బండి ఫ్రేము అలాంటిది కాదు. రెండు షాకబ్జర్ల బండిలో అవి వెనక చక్రానికి దగ్గరగా, రెండు పక్కలా నిలబడతాయి. చక్రం పది సెంటీమీటర్లు లేస్తే అవీ దాదాపు అంతే నొక్కుకుంటాయి. మోనో బండిలో షాకబ్జర్ ఇంజను వెనక, నడుమన ఉంటుంది. చక్రం పది సెంటీమీటర్లు లేస్తే అది నాలుగో ఐదో నొక్కుకుంటుంది. దూరం సగమైందంటే దాని మీద పడే బలం రెట్టింపయింది. ఆ రెట్టింపు బలాన్ని ఎవరు మోయాలి? సీటు కింద ఉన్న సన్నటి గొట్టం. దానికి ఒక పట్టీ అతికించి షాకబ్జర్ తగిలిస్తారు. ఇద్దరు ఎక్కుతారు. స్పీడు బ్రేకరు దూకిస్తారు. ఆ రోజే విరగదు. అతుకు పక్కన సన్నగా పగులు మొదలవుతుంది. రంగు కింద కనపడదు.

చట్టం కూడా ఇక్కడే అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పుకి బండి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అరిగిన భాగం తీసి అదే రకం కొత్తది వేస్తే ఇబ్బంది లేదు. ఫ్రేము కోసి అతికితే ఇబ్బందే. ఫోర్కు మార్పు, డిస్క్ లాంటివి ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. వాటి సంగతి రవాణా శాఖ ఆఫీసులో, బీమా కంపెనీలో ముందే అడగండి. ఎలాగూ పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాలి. అప్పుడు ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబెట్టాలి.

అసలు పాత బండి అంటే పాత ఆలోచన అనుకోకండి. 1950ల్లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది. దాని వెనక స్వింగ్ ఆర్మ్ ఉంది. అప్పటి లెక్కలో అది సరికొత్త సంగతి. ఇంగ్లండులో 1949లో ఆ ఏర్పాటుతో బుల్లెట్ వచ్చేనాటికి, చాలా బళ్లకి వెనక చక్రం దగ్గర స్ప్రింగే లేదు. సీటు కింద స్ప్రింగులే దిక్కు. రెండు షాకబ్జర్ల ఆ పద్ధతి ఇప్పటికీ లక్షల బళ్ల మీద నడుస్తోంది. మీ బండి సరిగ్గా నడవకపోవడానికి కారణం పద్ధతి పాతబడటం కాదు. సామాను అరిగింది.

మన వైపు అరగడమే కాదు, తుప్పు కూడా. సముద్రపు గాలి. ఫోర్కు గొట్టం మీద క్రోమియం పూతలో సూదిమొన ఇంత గుంటలు పడతాయి. అవి రోజూ ఆయిల్ సీలుని గీకుతాయి. సీలు మార్చిన నెలకే మళ్లీ ఆయిలు కారుతోందంటే తప్పు సీలుది కాదు, గొట్టానిది. గొట్టం మార్చండి. కొత్త సీళ్లు, కొత్త స్ప్రింగులు వేయించండి. రెండు కాళ్లలో ఆయిలు సమానంగా కొలిచి పోయించండి. ఎంత పోయాలో ఆ బండి పుస్తకంలో ఉంటుంది. గొట్టం మీద రబ్బరు తొడుగు వేయించండి. మెడలో గుండ్ల కోన్ సెట్ తీసి రోలర్ల బేరింగు వేయించండి. వెనక మంచి షాకబ్జర్ల జత. వెనక చక్రం మొత్తం విప్పించి స్వింగ్ ఆర్మ్ బుష్‌లు మార్పించండి. అవి అరిగిన బండి వెనక నడుము ఊపుతుంది. జనం టైరుని తిడతారు. బ్రేకు డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించి కొత్త లైనర్లు. స్టీలు స్పోకులు. కొత్త టైర్లు. ఇవన్నీ అయ్యాక ఒకసారి నడిపి చూడండి. అప్పటికీ డిస్క్ కావాలనిపిస్తే, అప్పుడు మాట్లాడదాం.

బిగించడం అయిపోయాక చివరి కొలత. రెండు పొడుగాటి నూలు తాళ్లు తీసుకోండి. వెనక టైరుకి రెండు పక్కలా, నేలకి కాస్త ఎత్తులో, టైరుని ఆనించి ముందు చక్రం దాకా లాగి పట్టండి. ముందు టైరు సన్నం కాబట్టి తాళ్లకి, దానికి మధ్య ఖాళీ ఉంటుంది. ఎడమ వైపు ఖాళీ, కుడి వైపు ఖాళీ సమానంగా ఉండాలి. లేకపోతే వెనక ఇరుసు దగ్గర సరి చేయండి. మెకానిక్కు మొహమాటపడితే మీరే పట్టుకోండి తాడు.

మొదటి వారం హైవే ఎక్కకండి. ఊళ్లోనే తిప్పండి. కొత్త స్పోకులు సాగుతాయి, నట్లు సర్దుకుంటాయి. వారం తర్వాత అన్నీ ఇంకోసారి బిగించుకోండి. తీసేసిన పాత చక్రాలు, పాత ఫోర్కులు పాత ఇనుముకి వేయకండి. గ్రీజు రాసి, గోనెలో చుట్టి అటక ఎక్కించండి. అసలు సామాను దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. కొత్తది నచ్చకపోతే మళ్లీ పాతదే వేసుకోవచ్చు.